మచ్చల ఆకు

మళ్ళీ చెల్లెలు కార్సి సీసాలే ముందు ఖాళీ అయ్యాయి.

సుమార్ని వీపు మీది బుట్ట దించి చూసుకుంది. పసుపు, చింతపండు కలిపిన పానకం అయిపోయింది. నేలవేము కషాయం మాత్రం రెండు సీసాలూ నిండుగానే ఉన్నాయి.

"నీది తాగితే నోరు చేదవడమే గానీ జ్వరం దిగదక్కా. మీ చెల్లెలు రేపెప్పుడొస్తుంది?" అన్నాడు రిక్షావాడు, నలుగురూ వింటుండగా.

సుకోహర్జో ఊరి సంతంతా అదే మాట. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. ఒకే రోలు దగ్గర నూరడం నేర్చుకున్నవాళ్ళే. అయినా పేరంతా కార్సిదే. ఆ చెల్లెలు నవ్వినా సుమార్నికి మంటే, పలకరించినా మంటే.

పైగా తల్లి ఉండేది కార్సి ఇంట్లో. రోజూ తెల్లవారగానే పెద్దకూతురి పెరట్లోకి వస్తుంది. నేలవేము మడి దగ్గర గొంతుక్కూర్చుని కలుపు తీస్తుంది. కాఫీ ఇస్తే వద్దంటుంది. పురుగు కొట్టిన మచ్చల ఆకులు గిల్లి, పై గుడ్డలో మూటకట్టుకుని పోతుంది.

"ఆ పుచ్చాకులెందుకమ్మా నీకు?"

"చెల్లికి మేకలున్నాయి కదే. అయినా పెరట్లో ఇంత ఆకు పెట్టుకుని మార్కెట్లో కొంటావేంటి?"

"బుట్టలో పెట్టే ఆకు మీద ఈ మచ్చలు చూస్తే నా గిరాకీ పారిపోదూ? నీ సలహాలన్నీ నీ ముద్దుల కూతురికి చెప్పుకో."

తల్లి మూట చంకన పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

అంతలో యూనివర్సిటీ నుంచి హెస్తి అనే అమ్మాయి దిగింది. ఆకుల లోపల కంటికి కనిపించని బూజులు కాపురముంటాయట. ఎన్ని రకాలుంటే మందుకు అంత బలమేమోనని వాళ్ళ ఊహ. జన్యువులు పరీక్షిస్తే ఏది ఏ రకమో, ఏ పెరటిదో కూడా తెలిసిపోతుందట. ఎక్కువ రకాలున్న పెరటిని విత్తనాల మడిగా తీసుకుని, యజమాని పేరుతో బోర్డు పెడతామంది.

ఆ బోర్డు కోసం సుమార్ని ప్రాణం కొట్టుకుంది. బుట్టలోంచి నిగనిగలాడే ఆకులు ఏరి ఇచ్చింది. హెస్తి అంతటితో ఆగక పెరట్లోకి నడిచింది.

"ఆ మడి జోలికి పోకమ్మా. అంతా చెత్త."

"చెత్త కూడా చూస్తామండీ" అని నవ్వి, నాలుగు మచ్చల ఆకులు కత్తిరించుకుంది. కషాయం అమ్మేవాళ్ళందరి బుట్టల్లోంచీ, పెరళ్ళలోంచీ అలాగే తీసుకుని వెళ్ళింది.

నెల తర్వాత ఊరిపెద్ద అందరినీ పిలిచి ఫోన్‌లో వచ్చిన కబురు చదివాడు. బుట్టలన్నిట్లోకీ కార్సి బుట్టలోని ఆకే గొప్పదట, నలభై ఒక్క రకాలు. సుమార్ని బుట్టలో ఆరు. బోర్డు రేపు వస్తుంది.

సాయంత్రం కార్సి వచ్చి గుమ్మంలో నిలబడింది. "అక్కా, నీకో మాట చెప్పాలి..."

"ఊరంతా చెప్పింది చాల్లే. మురిసిపోయింది చాలక నన్ను ఏడిపించడానికొచ్చావా? పో!"

తలుపు మొహాన పడింది.

పొద్దున్నే సుమార్ని మడిలోకి దిగింది. అమ్మ ఈ గడప తొక్కేది ఈ మొక్కల కోసమే, తన కోసం కాదు. ఆ మాట తలుచుకుంటూనే ఒక్కొక్కటీ వేళ్ళతో సహా పీకింది. కుప్పపోసి, కొబ్బరి పీచు వేసి నిప్పు పెట్టింది.

పొగ ఇంకా తగ్గనేలేదు, హెస్తి వచ్చింది. చంకలో కాగితం చుట్టిన బోర్డు ఉంది.

"కార్సి ఇల్లు పక్క సందులో అమ్మా."

"తెలుసండీ, అక్కడి నుంచే వస్తున్నా." హెస్తి ఖాళీ మడిని చూసింది, పొగను చూసింది. ముఖం పాలిపోయింది. "ఇక్కడి మొక్కలేవీ?"

"కాల్చేశాను. దానికి బోర్డు ఇచ్చారుగా, ఈ చెత్తతో నీకేం పని?"

హెస్తి బోర్డును మెల్లగా గోడకు ఆనించింది.

"కార్సి గారి బుట్టలో ఆకు ఆవిడ పెరటిది కాదండీ, ఈ మడిదే."