బుధవారం పరీక్ష

"గొడుగు, కిటికీ, చెంచా, పావురం... ఇంకోటేదో ఉంది" అంటూ మెకానిక్ పైకప్పు వంక చూశాడు.

నర్సు చదివి గుర్తుపెట్టుకోమన్న మాటల్లో ఐదోది తాళం. ఆయనకు శుభ్రంగా గుర్తుంది. అయినా చెప్పలేదు.

"గుర్తు రావట్లేదమ్మాయ్."

"పోయిన వారం కూడా ఐదోదే మర్చిపోయారు బాబాయ్ గారూ" అంది నర్సు. "మీ మతిమరుపుకు భలే క్రమశిక్షణ."

ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి లెక్క ఇది. ఐదూ చెప్పేస్తే ఆరోగ్యంగా ఉన్నాడని జాబితాలోంచి తీసేస్తారు. మూడు మర్చిపోతే ఆసుపత్రిలో పడేస్తారు. ఒక్కటి మర్చిపోతే మాత్రం ప్రతి బుధవారం నర్సు వస్తుంది. వయసు పైబడినవాళ్ళ జ్ఞాపకశక్తి మీద ప్రభుత్వ ఖర్చుతో జరిగే పరిశోధన అది. నాలుగేళ్ళ క్రితం, భార్య పోయిన నెలలో, ఎవరో కాగితం ఇస్తే సంతకం పెట్టాడు. అప్పటినుంచీ ఆ గడప తొక్కేది ఆమె ఒక్కతే. మిగతా ఆరు రోజులూ ఆయనకు నోరు విప్పే పనే ఉండదు.

అందుకే నిన్న రేడియోలో బడ్జెట్ విన్న దగ్గర్నుంచీ ఆయనకు అన్నం సయించలేదు. వైద్య పరిశోధనలకు భారీగా కోత అన్నారు.

అసలే ఈ పరిశోధన పరిస్థితి అంతంతమాత్రం. మొదట్లో నర్సు ఆఫీసు కారులో వచ్చేది. ఏడాదిగా రెండు బస్సులు మారి వస్తోంది. అచ్చు ఫారాలు పోయి, రూళ్ళ నోటుపుస్తకం వచ్చింది. ఇంత పిసినారి ప్రభుత్వాన్ని పుట్టి బుద్ధెరిగాక చూడలేదని మెకానిక్ తిట్టుకునేవాడు. ఒక్క మేలు మాత్రం జరిగింది. ఒకప్పుడు ఇరవై నిమిషాల్లో లేచి వెళ్ళిపోయే మనిషి ఇప్పుడు మధ్యాహ్నం దాకా కూర్చుంటోంది. బీపీ రెండుసార్లు చూస్తోంది. పెళ్ళినాడు ఏ రంగు చొక్కా వేసుకున్నారు, మొదటి లిఫ్టు ఏ అంతస్తులో ఆగిపోయింది అని ఎన్నడూ లేని ప్రశ్నలు అడుగుతోంది.

"కోత మనదాకా వస్తుందా అమ్మాయ్?"

ఆమె ఆయన చేతికి బీపీ పట్టీ చుడుతూ తల ఎత్తలేదు. "చెయ్యి వదులుగా పెట్టండి."

"మన పద్దు ఉందా, ఊడిందా? ఉన్నమాట చెప్పు."

"నేను వచ్చానా, లేదా?"

"వచ్చావనుకో."

"మరింకేం. మాట్లాడకండి, బీపీ పెరుగుతుంది."

పన్నెండైంది. ఎండ మండిపోతోంది, ఇంకాసేపు ఉండి వెళ్ళమన్నాడు. ఇంట్లో తనకోసం ఎదురుచూసేవాళ్ళెవరూ లేరులెండి అంటూ ఆమె మళ్ళీ కూర్చుంది. ఒంటిగంటకు వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే మెకానిక్‌కు మళ్ళీ భయం పట్టుకుంది. పిల్ల తనను బాధపెట్టడం ఇష్టంలేక మాట దాటేసిందని అర్థమైంది. ఇక ఉండబట్టలేక, పాత ఫైలు అట్ట మీదున్న నంబరుకు ఫోన్ చేశాడు. చాలాసేపటికి ఎవరో గుమాస్తా ఎత్తాడు.

"జ్ఞాపకశక్తి పరిశోధనలో నలభై ఒకటో నంబరు మనిషినండీ. నేను దొంగాట ఆడాను. ఐదో మాట నాకెప్పుడూ గుర్తుంటుంది. ఇకనుంచి మీరెలా చెప్పమంటే అలా చెబుతాను. బుధవారాలు మాత్రం తీసెయ్యకండి. వారానికి కుదరకపోతే నెలకోసారైనా పంపండి. ఆ పిల్ల రాకపోతే నాతో మాట్లాడే దిక్కు లేదు బాబూ."

"ఏ పిల్లండీ?"

"మీ నర్సే. ఇప్పుడే వెళ్ళింది. నాలుగేళ్ళలో ఒక్క వారం మానలేదు."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడింది.

"పెద్దాయనా" అన్నాడు గుమాస్తా చివరికి, గొంతు తగ్గించి. "ఆ పరిశోధన కిందటేడు బడ్జెట్‌లోనే మూసేశారండీ."