కింద గుమ్మం ఉన్న బడి

"తొలకరికి ముందే మీ పిల్లల బడికి తాటాకు కప్పు వేయిస్తాను" అని ఏనుగు అడవిలో అందరి ముందూ మాటిచ్చింది. తొలకరి పడింది గానీ, తాటాకులు ఏనుగు కడుపు దాటి రాలేదు.

పిల్లలు తడిసి తుమ్ముతుంటే తల్లులు బడి మాన్పిస్తామన్నారు. గిజిగాడు మాస్టారు వాళ్లకు అడ్డొచ్చాడు.

"ఒక్కరోజు ఆగండమ్మా. రేపటి పాఠం అల్లిక. పిల్లలతో పాటు మీరూ గడ్డి పట్టుకుని రండి."

అందరూ వచ్చారు. కుందేలమ్మ గడ్డి కొరికిచ్చింది. ఉడతలు ముడులేశాయి. కోడిపెట్టయితే "ఆ మూల వదులుగా ఉందే పిల్లా!" అని అరుస్తూనే ఉంది. మాస్టారికి తెలిసిన అల్లిక ఒక్కటే. అందుకే సాయంత్రానికి బడి ఓ పెద్ద గిజిగాడి గూడులా కొమ్మకు వేలాడింది. గుమ్మం అడుగున, నేలకు కాస్త ఎత్తులో ఉంది.

మర్నాడు ఏనుగు తన దండ తానే వేసుకుని ప్రారంభోత్సవానికి వచ్చింది.

"రిబ్బను కట్టడానికి గుమ్మమేదర్రా?"

"కింద ఉంది తాతా. తల వంచితేనే కనబడుతుంది" అంది ఉడతపిల్ల. "చదువు మా హక్కు! మా తాటాకులు ఏమయ్యాయో తొలి ఏకాదశిలోగా నువ్వు జవాబు చెప్పాలి."