రోజా విడవని పెద్దాయన

“కంటి చుక్కలకు రోజా పోదు నాయనా, వేసుకో,” అని మౌలానా అబ్దుల్ రవూఫ్ ఫోన్ పెట్టేశారు. పెట్టీ పెట్టగానే అది మళ్లీ మోగింది.

రంజాన్ వచ్చిందంటే ఓఖ్లాలోని ఆ మదరసా ఆఫీసు గది సగం ఆస్పత్రి అయిపోతుంది. రక్తపరీక్ష చేయించుకుంటే ఉపవాసం పోతుందా, పన్ను పీకించుకుంటే పోతుందా అని తెల్లారింది మొదలు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కడప నుంచి చదువుకోసం వచ్చి ఢిల్లీలోనే నిలిచిపోయిన మౌలానాకు వైద్యం రాదు గానీ, ఈ ప్రశ్నల పుణ్యమా అని సగం మందుల పేర్లు నోటికొచ్చేశాయి.

ఈసారి ఒక అమ్మాయి గొంతు, అదీ తెలుగులో.

“మౌలానాగారూ, నా పేరు ఉమ. డాక్టర్‌ని, మయూర్ విహార్ నుంచి మాట్లాడుతున్నాను. మీకు తెలుగు వచ్చని మస్తాన్ వలీ అంకుల్ వాళ్లమ్మాయి మీ నంబరిచ్చింది. చాలా అర్జెంటండీ.”

“చెప్పు మా.”

“మా పై ఫ్లాట్‌లో ఒక అంకుల్ ఉన్నారు. షుగర్ పేషెంట్. పొద్దున ఇన్సులిన్ తీసుకుని రోజా ఉన్నారు. ఇప్పుడు షుగర్ బాగా పడిపోయింది. ఈ జనవరి చలిలో చొక్కా తడిసిపోయేంత చెమటలు. గ్లూకోజ్ నీళ్లు నోటిదాకా తీసుకెళ్తే పళ్లు బిగబట్టేస్తున్నారు. ఇంజెక్షన్ ఇద్దామంటే చేతులు కట్టేసుకుని కూర్చున్నారు. సూర్యుడు దిగాకే అంటారు. అప్పటిదాకా ఆగితే స్పృహ తప్పుతారండీ.”

“ఇంట్లోవాళ్లు చెప్పలేదా?”

“ఆంటీ ఏడుస్తూనే ఉన్నారు. ఆవిడ మాటా వినరు, నా మాటా వినరు. తెలిసిన మౌలానా ఎవరైనా చెబితే ఆలోచిస్తానన్నారు. ఇంకో సంగతండీ, ఆయన అసలు...”

“సంగతులు తర్వాత. ఫోన్ ఆయనకియ్యి.”

అవతల కుర్చీ జరిగింది. ఆ తర్వాత బరువుగా ఊపిరి వినబడింది.

“అస్సలాము అలైకుమ్ పెద్దాయనా.”

“వాలేకుం... సలాం.”

మాట తడబడింది. మనిషి బాగా నీరసించాడని మౌలానా కంగారుపడ్డారు.

“ముందు ఆ గ్లాసు అందుకోండి. రోగికి సడలింపు ఉంది. ఖురాన్‌లోనే చెప్పినారు.”

“తెలుసండి, మస్తాన్ చెప్పాడు. కానీ రోగి అని తేల్చాల్సిందెవరు? డాక్టరమ్మ ముస్లిం కాదు గదండీ. ఆవిడ మాట చెల్లుతుందా?”

మౌలానాకు నవ్వొచ్చింది. ప్రాణం మీదికొచ్చినా లా పాయింటు వదలట్లేదు ఈయన.

“పని తెలిసిన డాక్టరైతే చాలు. చక్కెర ఎవరు కొలిచినా అంతే వస్తుంది.”

“అది సరేనండీ. కానీ మాటిచ్చాను.”

“ఎవరికి?”

“మస్తాన్‌కి. ఇద్దరం ఒకే ఆఫీసులో చేరాం, ఒకే ఆఫీసులో రిటైరయ్యాం. ఇప్పుడు గుండె ఆపరేషనై ఆస్పత్రిలో పడున్నాడు. మంచం మీద కూడా రోజా ఉంటానని మాత్రలు ఉమ్మేస్తుంటే, ‘నువ్వు మింగరా, నీ బదులు నేనుంటాలే’ అన్నాను. అప్పట్నుంచీ బుద్ధిగా మింగుతున్నాడు. నేను మానేశానని తెలిసిందా, వాడు మొదలెడతాడు.”

మౌలానా కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఇన్నేళ్లలో ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

“ఒకరి రోజా ఇంకొకరి ఖాతాలో పడదు పెద్దాయనా. మస్తాన్ కోలుకున్నాక తనవి తాను ఉండాల. కోలుకునే జబ్బు కాకపోతే, పోయిన ఒక్కో రోజాకు ఒక పేదవాడికి కడుపునిండా అన్నం పెట్టాల. అంతే దారి.”

“ఆ అన్నం వాడి తరఫున నేను పెట్టొచ్చాండీ?”

“ఆయన సరేనంటే పెట్టొచ్చు.”

“పప్పూ అన్నం, గోంగూర పచ్చడి. పనికొస్తుందా?”

“ఆకలి తీరితే చాలు.”

“నెయ్యి?”

“వెయ్యండి సామీ, ఎంత కావాలంటే అంత వెయ్యండి.” మౌలానాకు కూడా చెమట పట్టింది. “ఈ సాయంత్రమే ఆస్పత్రికి పోయి మస్తాన్‌కు నేనే చెబుతా. ఆయన రోజా మొదలుపెట్టడు, నాదీ పూచీ. ప్రాణం తీసుకోమని మతం చెప్పలేదు. మీరు తాగకపోతేనే పాపం.”

“పాపమాండీ?”

“పాపమే.”

అవతల గ్లాసు అందుకున్న అలికిడి. తర్వాత గటగటా తాగిన చప్పుడు. ఎవరో ఆడమనిషి గట్టిగా ముక్కు చీదింది. పది నిమిషాలయ్యాక ఉమ ఫోన్ అందుకుని, “తాగేశారండీ. చెమట తగ్గుతోంది. బిస్కెట్లు కూడా అడిగి తింటున్నారు,” అంది.

మౌలానా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పొద్దున్నే ఒకాయన ఫోన్ చేసి, ఆఫీసులో ఫేర్‌వెల్ పార్టీ ఉంది, ఆ ఒక్కరోజూ రోజా మానొచ్చా అని అడిగాడు. అలాంటివాళ్లంతా ఈ పెద్దాయన గురించి వినాలి. శుక్రవారం ప్రసంగం దానంతటదే సిద్ధమైపోయింది.

“ఒకసారి మళ్లీ ఆయనకియ్యి మా.”

“చెప్పండి మౌలానాగారూ.” ఈసారి గొంతులో జీవం ఉంది, నోట్లో బిస్కెట్ ఉంది.

“చిన్నప్పట్నుంచి రోజాలు ఉంటాండా. మీ అంత నిష్ఠ నాకు కూడా లేదు. శుక్రవారం నమాజుకు వచ్చినోళ్లందరిచేతా మీకోసం దువా చేయిస్తా. ఏ పేరు మీద చేయించమంటారు?”

“భీమశంకరం, కౌండిన్యస గోత్రం.”