రెండో గీత

"మళ్లీ ఒక్కటే గీత!" ప్రణయ్ అరచేత్తో బల్ల మీద కొట్టాడు.

వెనకే నిలబడ్డ భార్య హారతి పిడికిలిని చప్పున కొంగులో దాచుకుంది. పొద్దుటి నుంచి చెప్పాలనుకుంటున్న మాటను మళ్లీ వాయిదా వేసింది.

కరోనా మూడో వేవ్‌కి ల్యాబ్ మూసేశారు. అక్కడి యంత్రాన్ని ప్రణయ్ మగ్గాల పేట ఉధ్నాలోని ఈ అద్దె గదిలోంచే ల్యాప్‌టాప్‌తో నడుపుతున్నాడు. జంటలుగా పుట్టే కాంతి కణాలతో, వెంట్రుక కన్నా సన్నటి రెండు గీతలను ఫొటో తీయాలి. నాలుగింటికి గైడ్ ఉమాకాంత్ సార్ ఫోన్ చేస్తాడు. అప్పటికి అవి విడివిడిగా కనిపించకపోతే ప్రయోగం ఇంకొకరి చేతికి పోతుంది. మూడూ నలభై అయింది.

"ఎందుకు కలిసిపోతున్నయ్?" హారతి అడిగింది.

"నాయిస్. వెలుతురు పడకున్నా డిటెక్టర్ పడ్డట్టే లెక్కేస్తది. ఆ దొంగ లెక్కలు గీతల నడుమ సందును నింపుతున్నయ్."

"అచ్చం నీ లెక్కనే. నేను పిలవకున్నా 'ఆఁ' అంటవ్ గద!"

అతను కీబోర్డు మీద అంకెలు కొట్టాడు. "డిటెక్టర్‌ను చల్లబరిస్తే తగ్గుతది. మైనస్ నలభై డిగ్రీలకు పోవాలె."

మైనస్ ఇరవై. మైనస్ ముప్ఫై. హారతి తెర మీద దిగుతున్న అంకెలను చదివింది.

"రెండు గీతలు రావాలె... దేవుడా, రెండు గీతలు!" ప్రణయ్ పైకే మొక్కాడు.

తలుపు దబదబా మోగింది. ఇంటి ఓనరు ఐలమ్మ, ముక్కు మీద రెండు మాస్కులతో.

"ఏందయ్యా, టెస్టుల రెండు గీతలు రావాలని మొక్కుతున్నవా? కరోనా గిట్ల వచ్చిందా? మున్సిపాలిటోళ్లు గేటుకు కాయితం అంటిస్తే కింద నా నేత సాంచాలు బందైతయ్! ఖాళీ చెయ్యుండ్రి!"

"టెస్టు కాదు పెద్దమ్మా, ఫొటో! జర పది నిమిషాలు ఆగు!"

"గీతల ఫొటోలు ఎవడన్న తీస్తడా? కరెంటు తీస్తే మీరే దిగుతరు!" ఐలమ్మ చెయ్యి మెయిన్ స్విచ్ మీదికి వెళ్లింది. కరెంటు పోతే వైఫై పోతుంది, ల్యాబ్ అందదు. హారతి ఒక్క ఉరుకున వెళ్లి బోర్డుకు అడ్డం నిలబడింది.

"మైనస్ నలభై! వచ్చినయ్!" ప్రణయ్ అరిచాడు.

తెర మీద లావుపాటి మరక మెల్లగా రెండుగా చీలింది. ఐలమ్మ వంగి చూసింది.

"గిందుకా గీ లొల్లి? నా సాంచాల మీద గిసొంటి పోగులు వేలున్నయ్." గొణుక్కుంటూ దిగిపోయింది.

నాలుగింటికి ఫోన్‌లో ఉమాకాంత్ సార్ "శభాష్" అన్నాడు. ప్రణయ్ ఇటు తిరిగాడు.

"ఇందాకటి సంది పిడికిట్ల ఏంది?"

హారతి చెయ్యి తెరిచింది. తెల్లటి పట్టీ మీద రెండు గీతలు.

ప్రణయ్ రెండడుగులు వెనక్కి వేశాడు. "అయ్యో హారతీ... నా మాస్కేది?"

"ముక్కుకు గాదు, చెవులకు తెచ్చుకో. తొమ్మిది నెలలైనంక ఇంట్ల మొదలయ్యే నాయిస్ ఎంత చల్లబరిచినా తగ్గది!"