నిలబడ్డ కుందేలు

కరువు రోజుల కోసం ఆ అడవిలో ప్రతి జంతువూ కొంత మేత పన్నుగా ఇవ్వాలి. ఎవరు ఎంత ఇవ్వాలో ఏడాదికోసారి మంత్రి ఏనుగు చదువుతాడు. ఒప్పుకున్నవాళ్లు కూర్చుంటారు. ఒక్కరు నిలబడి ఉన్నా అది ఖాయం కాదు.

ఈసారి మంత్రి తొండంతో ఇసుకలో రాస్తూ గట్టిగా చదివాడు. "కొమ్ములున్నవాళ్లకు పన్ను సగం! బారెడు దంతాలున్నవాళ్లకు మొత్తం మాఫీ!"

మాఫీ అన్న మాట చెవిన పడగానే కుందేళ్లన్నీ కేరింతలు కొడుతూ కూర్చున్నాయి. ఒక్క ఆడకుందేలు మాత్రం నిలబడే ఉంది.

"కూర్చో పిన్నీ, పన్ను తగ్గిందట!" అని పక్కనున్న పిల్ల కుందేలు లాగింది.

"నీ నెత్తిన కొమ్ములేవే?" అంది పిన్ని.

పిల్ల తల తడుముకుని మెల్లగా లేచింది. దాన్ని చూసి మిగతావీ లేచాయి.

"ఎండగా ఉంది, కూర్చోండమ్మా. మీ సంగతి వచ్చే ఏడాది చూద్దాం," అన్నాడు మంత్రి.

"పోయినేడూ అదే అన్నారు. పిల్లల నోటి దగ్గర గడ్డి లాక్కొచ్చి ఇస్తున్నాం. ఈ ఏడే చూడండి," అంది పిన్ని.

పొద్దు వాలింది. ఒక్క కుందేలూ కూర్చోలేదు. సిగ్గేసి జింకలూ లేచి నిలబడ్డాయి.

"సరే, మీకూ సగమే! ఇక కూర్చోండి," అన్నాడు మంత్రి విసుగ్గా.

అందరూ కూర్చున్నారు. పిన్ని కదల్లేదు.

"ఇంకా ఏమిటమ్మా?"

"అడవి మొత్తం మీద బారెడు దంతాలున్నది మీ ఇంటివాళ్లకే కదయ్యా. ఆ మాఫీ చెరిపి, ఆ చోట మా సగం రాయండి. చదువుకుని కూర్చుంటాను."