మొదటి అంకె

మిడ్‌టర్మ్ పరీక్ష పేపరు పైన కోర్సు నంబరు చూడగానే ఆ అమ్మాయికి ముచ్చెమటలు పోశాయి. గణాంకశాస్త్రం, 401.

ఆమె చేరింది 101లో.

మూడు గంటల తర్వాత దాదాపు తెల్లకాగితమే ఇచ్చేసి వరండాలోకి వచ్చింది. పక్క బెంచీ సీనియర్ అక్కడే గోడకి ఆనుకుని ఉన్నాడు. క్లాసంతా అతన్ని తాతయ్య అంటారు. ఆ పేపరు రాయడం అతనికిది మూడోసారి.

“అన్నా, ఇది 401 క్లాసా?”

“కాకపోతే? నువ్వేదనుకున్నావు?”

“101.”

తాతయ్య ఆమెని ఎగాదిగా చూశాడు. “ఫస్టియరా నువ్వు? నంబర్లో మొదటి అంకె చూసుకోవద్దూ? ఒకటంటే కొత్తగా వచ్చినవాళ్లకి. రెండు, మూడు మధ్యవాళ్లకి. నాలుగంటే కాలేజీ వదిలి వెళ్లిపోయేవాళ్లకి. అంకె పెరిగేకొద్దీ గొయ్యి లోతు. నన్ను చూడు, ఇంకా పైకి రాలేదు.”

“టైంటేబుల్లో సబ్జెక్టు పేరు, గది నంబరు మాత్రమే ఉన్నాయన్నా.”

“ఎనిమిది వారాలు నోరెత్తకుండా ముందు వరసలో కూర్చున్నావు. నీకన్నీ వచ్చేమోనని మేమంతా కుళ్లుకున్నాం.”

“నేను మొద్దునేమో అనుకున్నాను,” అంది ఆమె.

తాతయ్య నవ్వబోయి ఆగిపోయాడు.

ఆమెది ఉచిత సీటు. మొదటి ఏడాది ఒక్క పేపరు తప్పినా అది పోతుంది. సీటు పోతే చదువు పోయినట్టే.

ఫారం నింపిన రోజు ఆమెకి బాగా గుర్తు. ఒళ్లు జ్వరంతో కాలిపోతున్నా దుప్పటి కప్పుకుని కూర్చుని, గుండ్రంగా 101 అని రాసింది. నాన్న దుకాణం మూసుకుని వెళ్లి, కాలేజీ ఆఫీసు ముందు మూడు గంటలు లైన్లో నిలబడి ఇచ్చివచ్చాడు. అక్కడిదాకా ఏ తప్పూ లేదు. జరిగిందేదో కౌంటరు అవతలే జరగాలి.

కౌంటరు అద్దం వెనక గుమస్తా కళ్లజోడు తుడుచుకుంటూ విన్నాడు. జుట్టంతా నెరిసిన మనిషి.

“కోర్సు మార్చుకునే గడువు నాలుగో వారంతోనే అయిపోయిందమ్మా.”

“నేను మార్చమనడం లేదు సార్. మీరు తప్పు ఎక్కించారంటున్నాను.”

ఆయన చెయ్యి ఆగింది. “ఇంకో నెలలో రిటైరవుతున్నాను తల్లీ. ఇప్పుడు నా మీద ఫిర్యాదంటే...”

“నా సీటు పోతుంది సార్.”

ఆయన ఫిర్యాదు కాగితం అద్దం కిందనుంచి ఇవతలికి తోశాడు. ఆమె రాస్తుంటే, నాన్న కుట్టిన కాలేజీ కోటు చేతులు వేళ్ల మీదికి జారుతున్నాయి. ఎప్పటిలాగే రెండు మడతలు పైకి పెట్టి, సంతకం చేసింది.

విచారణకి ఇంటి పెద్ద ఒకరు రావాలన్నారు.

ఆమె నాన్న బడిపిల్లల యూనిఫాంలు కుట్టే టైలరు. ఆ సాయంత్రం మిషను ఆపకుండానే రోజూ అడిగే మాటే అడిగాడు. “చదువెలా ఉందమ్మా?”

“కష్టంగా ఉంది నాన్నా.”

“మొదట్లో అలాగే ఉంటుంది. పోనుపోను సరిపోతుందిలే.”

అసలు సంగతి చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. “రేపు ఆఫీసులో చిన్న పనుంది. నువ్వు రావాలి,” అని ఊరుకుంది.

మర్నాడు ఆయన హడావిడిగా వచ్చాడు. మెడలో టేపు తీయడం మర్చిపోయాడు. రిజిస్ట్రారు మేడమ్ గదిలో కుర్చీ చూపిస్తే, అంచు మీద కూర్చున్నాడు.

మేడమ్ పాత కట్టలోంచి ఫారం తీసి బల్ల మీద పరిచింది. అమ్మాయి రాసిన ఒకటిని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన నాలుగు వేసి ఉంది.

“చూడండి,” అంది మేడమ్ ఆయనతో. “మీ అమ్మాయి 101లో ఉండాల్సింది. నాలుగో ఏడాది వాళ్లు చదివే 401లో పడింది. ఇది ఆఫీసు తప్పని తేలితే ఆ కోర్సులోంచి పేరు తీసేస్తాం. సీటుకి ఢోకా ఉండదు. ఇంటివాళ్లు కోరి మార్పించుకున్నదైతే మాత్రం నా చేతుల్లో ఏం లేదు. చివరి పరీక్ష కూడా రాయాల్సిందే, తప్పితే సీటు పోవాల్సిందే.”

బల్ల పక్కన నిలబడ్డ గుమస్తా వైపు తిరిగింది. “ఎర్ర సిరా మీదేగా?”

“నాదే మేడమ్.”

“ఎందుకు దిద్దారు?”

“గుర్తులేదు. రోజుకి నాలుగు వందల ఫారాలు. ఎవరేమడిగారో, నేనేం రాశానో...” ఆయన అద్దాలు తీశాడు. “నా తప్పే అయ్యుంటుంది. రాసుకోండి.”

“మీ పెన్షను ఆగిపోతుంది. తెలుసుగా?”

“తెలుసు మేడమ్.”

మేడమ్ పెన్ను మూత తీసింది. పరీక్ష రాసిన రోజు తర్వాత మొదటిసారి ఆ అమ్మాయికి గుండెల నిండా ఊపిరి ఆడింది. గుమస్తా వైపు మాత్రం చూడలేకపోయింది.

నాన్న చూశాడు. గుమస్తా ముఖం చూశాడు. ఫారం మీద ఎర్ర అంకె చూశాడు. కూతురు చేతుల మీదికి మళ్లీ జారిన కోటు మడతలు చూశాడు. మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంటూ మెల్లగా లేచి నిలబడ్డాడు.

“ఆయన్నేం అనకండి మేడమ్, నంబరేదైనా ఫారం ఫీజు ఒకటేనని ఈయన చెబితే, ఎదిగే పిల్ల కదా, చిన్నదైతే ఏడాది తిరక్కుండానే పొట్టయిపోతుందని, నాలుగేళ్లూ సరిపోయేలా పెద్ద సైజు వేయమని బతిమాలింది నేనే.”