నలభై ఎనిమిది ఓములు

“మళ్ళీ సున్నానా?” ఎగ్జామినర్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని బల్ల మీద పడేశాడు. “వరసగా నాలుగోసారి! ఏమ్మా, మీ ఇంట్లో వేరే అంకెలు లేవా?”

“ఆంపియర్ల ముల్లు ఎంత చూపిస్తే అంతే రాశానండీ,” అంది మోటారక్క.

కాలిపోయిన మోటార్లకి కొత్త తీగ చుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి ఆవిడ. అందుకే వీధి వీధంతా అలా పిలుస్తుంది. ఇవాళ వైర్‌మన్ లైసెన్సు ప్రాక్టికల్. బల్ల మీద సీలు వేసిన చెక్క డబ్బా. డబ్బా నెత్తిన ‘240 వోల్టులు, 1200 వాట్లు’ అని ఓ ఇత్తడి రేకు. పక్కనే ఒక వోల్టు మీటరు, ఒక ఆంపియర్ మీటరు. డబ్బాకి కరెంటిచ్చి, మీటర్లు చూపిన అంకెలు రాసి, వాటితో లోపలున్న హీటరు కాయిల్ రెసిస్టెన్సు ఎంతో, అది లాగే పవరు ఎంతో లెక్కగట్టాలి. అదే పరీక్ష.

తలుపు దగ్గర కిసుక్కుమని నవ్వు వినిపించింది. అది మరిదిగారిది. పది నిమిషాల కిందటే పాసై, ఆ కాగితంతోనే విసురుకుంటున్నాడు.

“వదినా, పన్నెండొందల్ని రెండొందల నలభైతో భాగించు. ఐదు ఆంపియర్లు. రెండొందల నలభైని ఐదుతో భాగించు. నలభై ఎనిమిది ఓములు. వేళ్ళ మీద అయిపోయేదానికి మీటర్లూ మిషన్లూ ఎందుకు?”

“తమరు స్విచ్చి వేశారా మరిదిగారూ?”

“వేశాను. ముల్లు కదల్లేదు. పాపం సిగ్గు పడుతోందేమోనని నేనే రాసేశాను.”

“మీ సరసాలు ఇంటికెళ్ళాక ఆడుకోండి,” అని కసిరాడు ఎగ్జామినర్. తర్వాత గొంతు తగ్గించాడు. “చూడమ్మా, నాలుగోసారీ తప్పితే ఇంక నిన్ను పరీక్షకి రానివ్వరు. ఇదిగో రబ్బరు. ఆ సున్నా చెరిపి ఐదు ఆంపియర్లు, నలభై ఎనిమిది ఓములు అని రాయి. సంతకం పెట్టేస్తా.”

“రాసెయ్ వదినా! లేకపోతే మన షాపు బోర్డు మీద లైసెన్సున్న నా పేరే పడుతుంది. నువ్వు తీగలు చుట్టు, నేను కాలు మీద కాలేసుకుని సంతకాలు పెడతా.”

మోటారక్క రబ్బరు అందుకుంది. కాగితం దాకా తీసుకెళ్ళింది. కాసేపు సున్నా వంక చూసి, రబ్బరు తెచ్చి ఎగ్జామినర్ చేతిలోనే పెట్టేసింది.

“ఆ టెస్టింగు బల్బు ఓసారి ఇలా ఇప్పించండి.”

స్విచ్చి ఆపి, డబ్బాకి బిగించిన రెండు వైర్లూ ఊడదీసి బల్బు హోల్డరుకి బిగించింది. మళ్ళీ స్విచ్చి వేసింది. బల్బు వెలిగింది. వోల్టులు రెండొందల నలభై. ఇందాక మొండికేసిన ఆంపియర్ల ముల్లు చెంగున లేచి పావు ఆంపియరు దగ్గర నిలబడింది.

“రెండొందల నలభై ఇంటూ పావు, అరవై వాట్లు. రెండొందల నలభై బై పావు, తొమ్మిదొందల అరవై ఓములు. ఇప్పుడు ఆ బల్బు గాజు మీద ఎంతుందో చూడండి.”

ఎగ్జామినర్ స్విచ్చి ఆపి, చెయ్యి కాలుతున్నా బల్బు తిప్పి చూశాడు. అరవై వాట్లే.

“అయితే?”

“అయితే మీటరు మంచిదే, వైర్లూ మంచివే. డబ్బాయే కరెంటు తాగట్లేదు. తాగనిదానికి పవరు సున్నా. కాయిల్ తెగైనా ఉండాలి, లేకైనా ఉండాలి.”

“మరి రేకు మీద పన్నెండొందలని అంత లావున ఉంటే?”

“రేకు కరెంటు తాగదండీ. రేకు చూసి చెప్పేట్టయితే ఇంతింత బరువు మోటార్లు నా దాకా మోసుకురావడం దేనికి?”

ఎగ్జామినర్‌కి చిర్రెత్తుకొచ్చింది. “ఈ బల్ల మీద వందల మంది నలభై ఎనిమిది అని రాశారు. వాళ్ళంతా వెర్రివాళ్ళా?”

“వాళ్ళ సంగతి నాకు తెలీదు. డబ్బా సంగతి తెలుసు. తెరవండి.”

“సీలు తియ్యకూడదు!”

“తీసేదాకా కూర్చుంటాను.” స్టూలు బరబరా లాక్కుని చతికిలబడింది. బయట వరసలో ఉన్నవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు.

“మా వదిన కూర్చుందంటే ఇంక లేవదు సార్,” అన్నాడు మరిది. “కావాలంటే మా అన్నయ్యనడగండి.”

“సరే, తెరుస్తా! లోపల కాయిల్ బాగుందా, జన్మలో ఈ గడప తొక్కకూడదు.”

“తొక్కను.”

ఎగ్జామినర్ సీలు పీకి, స్క్రూడ్రైవరుతో నాలుగు మరలూ విప్పాడు. మరిది మెడ కొంగలా సాగింది. మూత లేచింది.

కాయిల్ లేదు. తెగిన ముక్కయినా లేదు. అడుగున అంటించిన అట్టముక్క ఒక్కటే ఉంది. ఎగ్జామినర్ దాన్ని పైకే చదవడం మొదలుపెట్టాడు గానీ, మాట మాటకీ గొంతు కిందికి జారిపోయింది.

‘ఇందులో ఏమీ లేదు. పైన రేకు ఊరికే తగిలించాను. సున్నా రాసినవాళ్ళకే లైసెన్సు ఇవ్వాలి. రేకు చూసి లెక్క కట్టినవాళ్ళని ఇంటికి పంపెయ్యండి.’

కింద, ఎప్పుడో రిటైరైపోయిన పెద్ద ఎగ్జామినర్ సంతకం.

మరిది తన పాసు కాగితాన్ని మెల్లిగా మడిచి, జేబులో పెట్టి, జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఎగ్జామినర్ వెళ్ళి తలుపు గడియ వేసొచ్చాడు. మోటారక్క కాగితం మీద సంతకం పెట్టి చేతికిచ్చాడు. ఆవిణ్ణి స్టూలు మీంచి లేపి, తన కుర్చీలో కూర్చోబెట్టి, ఆ స్టూలు మీద తను బుద్ధిగా కూర్చుని చేతులు కట్టుకున్నాడు.

“నాక్కూడా ఓసారి పరీక్ష పెట్టు తల్లీ. నేనూ నలభై ఎనిమిది రాసే పాసయ్యాను.”